పళ్ళక్క ఎలుగును చంపిన రోజు

పళ్ళక్క ఒకసారి చచ్చిపోయి, సరిగ్గా గంటా ఇరవై నిమిషాల తరవాత లేచి మామూలుగా పనిలో పడింది. ఏ డాక్టరూ కాగితం రాసివ్వలేదనుకోండి. ఆ మాటకొస్తే ఆ గంటా ఇరవై నిమిషాలూ ఆవిడ ఊపిరి పీలుస్తూనే ఉంది, మధ్యలో రెండుసార్లు తుమ్మింది కూడా. ఆవిడ పోయిందని నమ్మినవాడు లోకం మొత్తం మీద ఒక్కడే. కానీ ఆ ఒక్కడూ సొంత తమ్ముడు కావడంతో, ఆ చావును ఉత్త అబద్ధమని కొట్టిపారేయడానికీ లేదు.

పళ్ళక్క అంటే పళ్ళ డాక్టరు కాదు. డాక్టర్లు నోట్లో అచ్చు తీసి పంపిస్తే, దాన్నిబట్టి కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పాతికేళ్ళుగా పనిచేస్తోంది. బట్టల కొట్టు మేడ మీద మూడు గదులు. మొదటి గదిలో సుద్ద కలిపి అచ్చుల్లో పోసి దవడల నమూనాలు తీస్తారు. రెండో గదిలో మైనం మీద పళ్ళు పేరుస్తారు. మూడో గదిలో కొలిమీ, నునుపు పెట్టే యంత్రమూ ఉంటాయి. రెండో గదిలో కిటికీ పక్క బల్ల ఆవిడది. ముందుపంటికి రంగు కలపాలంటే పగటి వెలుతురే కావాలి. ట్యూబులైటును నమ్ముకుంటే తెల్లటి పన్ను కాస్తా నోట్లోకి వెళ్ళాక బూడిద రంగుకు తిరుగుతుంది. ఆవిడకు మనుషుల మొహాలు గుర్తుండవు. నోరు తెరిస్తే మాత్రం తాతముత్తాతలతో సహా చెప్పేస్తుంది. తాతముత్తాతల దాకా ఎందుకులెండి, కోరపన్ను చూసి మనిషిని పోల్చుకుంటుందన్నది మటుకు నిజం.

ఇంత నిదానమైన మనిషి రోజూ పొద్దున్నే అయిదున్నరకు కంప్యూటరు ముందు కూర్చుని ఆన్‌లైన్ గేము ఆడేది. అదేమీ పేకముక్కల గేము కాదు. లక్షల మంది తలా ఒక వేషం కట్టుకుని ఒకే లోకంలో తిరుగుతూ, కత్తులతో రాక్షసుల మీద పడే గేము. అందులో పళ్ళక్క పేరు మూలికలమ్మి. ఆరేళ్ళలో ఆవిడ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. వాగుల వెంట మూలికలు కోసుకుని, కట్టలు కట్టి, గాయపడ్డవాళ్ళకు ఇచ్చేది. దారిలో పూలపాదు అడ్డొస్తే చుట్టూ తిరిగి వెళ్ళేది. తొక్కినా ఆ పూలు చావవని ఎంతమంది చెప్పినా చెవిన పెట్టలేదు.

ఆ గేము నేర్పింది తమ్ముడే. అతను టాంకరు లారీ నడుపుతాడు. కాపురం రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో. గేములో అతని పేరు గొడ్డలి. పేరుకు తగ్గట్టే ముందు నరకడం, తరవాత చూడటం.

అయితే మూడేళ్ళుగా అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేవు. వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఊపిరి యంత్రం మీద ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం డాక్టరు పళ్ళక్కను పక్కకు పిలిచాడు. ఇక లాభం లేదనీ, పెద్దావిడను ఊరికే బాధపెడుతున్నామనీ, సంతకం చేస్తే యంత్రం తీసేస్తామనీ చెప్పాడు. ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. రెండు గంటల్లో అక్కడుంటానన్నాడు. రెండు గంటలూ ఆగింది. మరో నలభై నిమిషాలు ఆగింది. చేస్తే ఫోన్ ఎత్తడు. లోపల తల్లి ఒళ్ళు ఒక్కో ఊపిరికీ మంచం మీద ఎగిరిపడుతోంది. ఇక చూడలేక సంతకం పెట్టేసింది. తమ్ముడు వచ్చేసరికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటికి అంతా అయిపోయింది.

"ఇరవై నిమిషాలు ఆగలేకపోయావా అక్కా?" అన్నాడు వరండాలో, అందరూ వింటుండగా. ఆ తరవాత ఆవిడతో మాట్లాడలేదు.

ఫోన్లు ఆగిపోయాయి, రాకపోకలు ఆగిపోయాయి. నెల తిరిగాక ఒక పొద్దున మూలికలమ్మి వాగు ఒడ్డున వంగి ఆకు కోస్తుంటే, వెనకనుంచి మీదికి దూకబోయిన తోడేలు ఒక్క వేటుకు కూలిపోయింది. చూస్తే పక్కన గొడ్డలి నిలబడి ఉన్నాడు. అతను ఏమీ రాయలేదు. ఆవిడా రాయలేదు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఇక అప్పట్నుంచీ రోజూ, లారీ ఎక్కేముందు ఒక అరగంట. మాటలు రాసుకునేవాళ్ళు గానీ, "ఎడమ పక్క తోడేలు", "సంచి నిండిందా", "వాన పడేలా ఉంది, గుహలోకి రా", అంతవరకే. అక్కా అని అతను రాయలేదు, ఒరేయ్ అని ఆవిడా రాయలేదు. ఆ అరగంట కోసమే ఆవిడ బతికేదంటే అది మరీ కోతలు కోయడం. ఆ అరగంట లేకుండా ఎలా బతకాలో మాత్రం ఆవిడకు తెలియదు.

సరిగ్గా అప్పుడే గేము కంపెనీ ఒక కొత్త ఖండాన్ని విడుదల చేసింది.

ల్యాబులో మొదటి గది సుద్దన్నది. యాభై ఎనిమిదేళ్ళవాడు, ఇద్దరు మనవలు. ఆయన మీసం నెరిసి తెల్లబడిందో సుద్ద పడి తెల్లబడిందో ఆయన భార్యకే తెలియదు. ఆయనా ఈ గేము ఆడతాడు, అదీ ఒళ్ళు మరిచిపోయి. కొత్త ఖండం వచ్చిన వారం భోజనాల వేళ ఆయన నోటికి తాళం పడలేదు. నలభై మంది కొత్త రాక్షసులట. కొట్టేవాళ్ళకు చేతి నిండా పని. ఊరికే తిరిగేవాళ్ళకు సముద్రం అడుగున కూడా దారి వేశారు. గేములో ఇళ్ళు సర్దుకునేవాళ్ళకు కిటికీ తెరలు పదకొండు రకాలు. కథ కోసం ఆడేవాళ్ళు మాత్రం భగ్గుమంటున్నారు. నాలుగేళ్ళు ఎదురుచూసిన రాణిని ఆరు వాక్యాల్లో చంపేశారట. కబుర్ల కోసం వచ్చేవాళ్ళ గోల ఇంకొకటి. కొత్త ఊళ్ళో అందరూ పరిగెత్తేవాళ్ళే, కూర్చోడానికి ఒక్క అరుగు లేదట.

"నీకూ కొత్త మూలికలు వేశారు తల్లీ. అందరికీ ఏదో ఒకటి పెట్టారు" అన్నాడు.

"పెట్టారులే సుద్దన్నా. అక్కడికి చేరాలంటే ముందు అందరూ కొట్టేవాళ్ళు కావాలి."

ఆవిడ బాధ అదే. కొత్త ఖండానికి ఒకటే గేటు. గేటు ముందు రాతి ఎలుగుబంటి కాపలా. ఎవరి ఎలుగును వాళ్ళు ఒంటరిగా చంపుకోవాలి, తోడు పనికిరాదు. పళ్ళక్క తొమ్మిది రోజులు ప్రయత్నించి నలభై ఒక్కసార్లు చచ్చింది. కుంచె కొసతో పంటి మీద గీతంత రంగు అద్దే వేళ్ళు అవి, గబగబా మీటలు నొక్కమంటే మొరాయించాయి. పైగా ఆ ఎలుగుకు ఆవు పళ్ళు పెట్టారని ఆవిడకు ఒకటే చిరాకు. నోటివంక చూస్తూ ఉండగానే పంజా పడేది.

గొడ్డలితో కలిసి ఆడే గుంపు మొదటిరోజే గేటు దాటిపోయింది. గొడ్డలి దాటలేదు. రోజూ ఇవతలే నిలబడి ఆవిడ చావడం చూసేవాడు. పదో రోజు ఆవిడ, "మీవాళ్ళంతా వెళ్ళారు కదా, నువ్వూ వెళ్ళు" అని రాసింది.

"ఆగుతా" అని జవాబు వచ్చింది.

ఆ ఒక్క మాట పళ్ళక్కను రోజంతా వదల్లేదు. ఆగలేని మనిషి కోసం వాడు ఆగుతున్నాడు. ఎన్నాళ్ళు ఆగుతాడు? విసుగొచ్చి ఒకరోజు దాటిపోతే, ఆ అరగంట కూడా పోయినట్టే. పోనీ ఆగుతూనే ఉంటే, అది ఇంకా భరించలేనిది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ సుద్దన్నను బతిమాలుకుంది. డాక్టర్ల ఆర్డర్లు చూసుకునే కంప్యూటరులో తన పేరుతో గేము తెరిచి ఇచ్చి, రెండు మాటలు తీసుకుంది. గేటు దాటగానే ఆపేయాలి. ఎవరేం అడిగినా ఒక్క అక్షరం రాయకూడదు. ఇంతలో కొలిమిలో ఏదో పన్ను పగిలిందని యజమాని కేక వేయడంతో మూడో గదికి పరిగెత్తింది.

సుద్దన్న నాలుగు నిమిషాల్లో ఎలుగును పడగొట్టాడు. రెండో మాట నిలబెట్టుకున్నాడు. మొదటిదానికి మాత్రం చెయ్యి ఆగలేదు. మూలికలమ్మి గేటు దాటి, పూలపాదుల మీదుగా పరిగెత్తి, కొండ అంచునుంచి దూకి, ఎదురొచ్చిన జింకను కొడవలితో నరికేసింది.

ఆ రోజు టాంకరు మరమ్మతుకు వెళ్ళింది, తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. మూలికలమ్మి ఎలుగును చంపిందని తెర మీద ప్రకటన రాగానే, తనూ ఎలుగును నరికి వెనకే పరిగెత్తాడు. ఆ దూకుడు చూసి నిలబడిపోయాడు. నిరుడు వాళ్ళ గుంపులో ఒకతను ఇలాగే ఉన్నట్టుండి మాట్లాడటం మానేసి, ఆట తీరు మార్చేశాడు. వారం తరవాత తెలిసింది, అసలు మనిషి పోయాడనీ, ఆడుతున్నది బావమరిదనీ.

"అక్కా?" అని రాశాడు, మూడేళ్ళలో మొదటిసారి. జవాబు లేదు. "ఎవరు నువ్వు?" అని రాశాడు. సుద్దన్న గేము మూసేశాడు.

ఆ రెండు ప్రశ్నల సంగతి సుద్దన్న తరవాత తీరిగ్గా చెప్పాడు. పళ్ళక్క వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. పదిసార్లు చేసింది. ఇక ఎవరిదో కింది దవడ పళ్ళ సెట్టు పట్టుకుని కూర్చుంది.

తమ్ముడు మెట్లెక్కి వచ్చేసరికి మొదటి గదిలో సుద్దన్న ఉన్నాడు.

"ఎప్పుడు పోయింది?" అన్నాడు.

లోపలినుంచి పళ్ళక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. తమ్ముడు ఆవిడను కిందినుంచి పైదాకా చూశాడు.

"పూలపాదు తొక్కావు."

"నేను కాదు. ఈయన."

"జింకను చంపావు."

"ఈయనే అంటున్నాను కదరా."

సుద్దన్న పనున్నట్టు మూడో గదిలోకి జారుకున్నాడు. తమ్ముడు సుద్ద దవడల మధ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఫోన్ ఎత్తితే ఎవరైనా ఆ మాట చెబుతారేమోనని ఎత్తకుండా, రెండు గంటల దారి గంటా ఇరవై నిమిషాల్లో వచ్చాడు. వేరేవాళ్ళ చేతికి ఎందుకిచ్చావని అడిగాడు. నువ్వు ఆగుతుంటే చూడలేకపోయానని ఆవిడ చెప్పింది.

"అమ్మ పోయిన రోజు కూడా నేను వేళకే వచ్చేవాణ్ణి అక్కా. ఊరి బయట పెట్రోలు బంకు దగ్గర బండి ఆపేశాను. గంట కూర్చున్నాను. నువ్వు చేస్తుంటే ఫోన్ చూస్తూనే ఉన్నాను. వస్తే ఆ సంతకం నన్ను పెట్టమంటారని."

పళ్ళక్క చేతిలోని సెట్టు బల్ల మీద పెట్టింది.

"మూడేళ్ళు" అంది. "ఆ ఇరవై నిమిషాలూ నా నెత్తిన పెట్టి పోయావు. పొద్దున్నే వచ్చి తోడేళ్ళను కొట్టావు. ఈ ముక్క చెప్పలేకపోయావా?"

అతను స్టూలు వెనక్కి నెట్టాడు. లేచి వెళ్ళాడు. ఆవిడ మెట్లదాకా కూడా పోలేదు.

ఆరు రోజులు ఆవిడ కంప్యూటరు తెరవలేదు. ఏడో పొద్దున తెరిచింది. కొత్త ఖండంలో, తనకు పేరు తెలియని ఒక మూలిక పక్కన గొడ్డలి నిలబడి ఉన్నాడు. ఆవిడ ఏమీ రాయకుండా వంగి కోయడం మొదలుపెట్టింది. అతను వెనక్కి తిరిగి కాపలా నిలబడ్డాడు. కోపం పోయిందని కాదు. ఆ రోజు వెళ్ళేముందు ఇద్దరిలో ఎవరూ "సంచి నిండిందా" అని కూడా అడగలేదు.

మూడో గది తలుపు వెనక నిలబడి విన్న సుద్దన్న కడుపులో ఏ మాటా నాలుగు రోజులు ఉండదు. ఇప్పుడీ కథ బట్టల కొట్టుదాకా పాకింది. ఎవరైనా ధైర్యం చేసి అడిగితే పళ్ళక్క కిటికీ వెలుతురులో పన్ను తిప్పి చూసుకుంటూ, తలెత్తకుండానే జవాబు చెబుతుంది.

"నాకు గేములేంటండీ, కంప్యూటరు ముట్టుకోవడమే రాదు. సుద్దన్నకు తోచనప్పుడల్లా ఇలాంటివి పుట్టిస్తాడు. మా తమ్ముడు ఆ రోజు దారిలో ఎక్కడా ఆగలేదు. తిన్నగా ఆస్పత్రికే వచ్చాడు. తొందరపడింది నేనే. మీరు విన్నదాంట్లో ఒక్క ముక్క నిజం లేదు."