ముగ్గురు మామలు, ఒక వాకిలి

ఎన్నికలప్పుడు కూడా మా ఇంట్లో జరగని గొడవను ఒక అద్దె వీడియో కెమెరాతో నేనెలా జరిపించానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోవచ్చు. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతున్నాను. చదువు అనే మాట మర్యాద కోసం వాడుతున్నాను. పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలో కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నాక ఇక నా కాలు నేల మీద నిలవలేదు. మా కుటుంబం మీదే ఒక డాక్యుమెంటరీ తీయాలని తీర్మానించాను. కథ సిద్ధంగా ఉంది. ఫ్యాక్షన్ రోజుల్లో, జమ్మలమడుగు దగ్గరి పల్లెలో మా అవ్వ ఇంటి మీదికి నాటుబాంబులతో మనుషులు వచ్చారు. ఎవరో సమయానికి పెద్ద వాకిలి మూసి గడియ పెట్టారు. అందరూ బతికి బయటపడ్డారు.

అవ్వ అంటే మా అమ్మకు అమ్మ. ఆమెకు ముగ్గురు కొడుకులు. పులివెందులలో పెద్దమామది ఒక పార్టీ. జమ్మలమడుగులో నడిపిమామది దానికి ఎదురు పార్టీ. ప్రొద్దుటూరులో చిన్నమామది గెలిచిన పార్టీ, అది ఏదైనా సరే. ఏళ్ళ తరబడి ముగ్గురికీ మాటల్లేవు.

అవ్వను వెంటబెట్టుకుని మూడు ఊళ్ళూ తిరిగాను. పులివెందులలో పెద్దమామ మీసం దువ్వి కెమెరా ముందు కూర్చున్నాడు.

"ఆ పొద్దు వాకిలేసింది నేనే. చెప్పుమా."

"వీడే నాయనా. వీడు లేకుంటే మేము యాడుందుము," అంది అవ్వ.

జమ్మలమడుగులో నడిపిమామ చొక్కా మార్చుకుని వచ్చాడు. "బాంబు నా చెవి పక్కనే పోయింది. అయినా గడియ వదల్లా."

"వదల్లేదు నా కొడుకు," అంది అవ్వ.

ప్రొద్దుటూరులో చిన్నమామ కూడా అదే వాకిలిని మూశాడు. అవ్వ అక్కడా తలూపింది.

బుద్ధి ఉన్నవాడైతే అక్కడ ఆగి ఆలోచిస్తాడు. నేను పొంగిపోయాను. ముగ్గురినీ వరసగా చూపిస్తే ఎవరికీ తక్కువ చేసినట్టు కాదని నా లెక్క. బస్సులో అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"సామీ, ఎవురు చెప్పింది వాల్లకే చూపిచ్చు. మూడూ కలపాకు."

"నీకు తెలీదు లే అవ్వా, కలపడాన్నే ఎడిటింగ్ అంటారు."

కలిపాను. దానికి గుర్రాల డెక్కల చప్పుడు కూడా జోడించాను. మా ఇంట్లో ఎన్నడూ గుర్రం లేదు.

చిన్నమామ కొత్త ఇంట్లో చేరే రోజు మా అమ్మ కాళ్ళావేళ్ళా పడితే అన్నలిద్దరూ వచ్చారు. వాళ్ళ అనుచరుల జీపులు వీధికి చెరో పక్కన ఆగాయి. హాల్లో ముగ్గురూ మూడు మూలల్లో, కోపంగా ఉన్న బీరువాల్లా కూర్చున్నారు. సయోధ్యకు ఇదే సమయమనుకుని నేను క్యాసెట్టు పెట్టాను.

పెద్దమామ వాకిలి మూశాడు. కిటికీలోంచి చూస్తున్న ఆయన మనుషులు చప్పట్లు కొట్టారు. తర్వాత నడిపిమామ మూశాడు. చప్పట్లు ఆగిపోయాయి. చిన్నమామ గడియ మీద చెయ్యి వేసేసరికి పెద్దమామ లేచి నిలబడ్డాడు.

"ఏందిరా ఇది? నేనేసిన వాకిలి మల్లా వీల్లెట్ల ఏచ్చారు?"

"నువ్వు యాడుంటివబ్బా ఆ పొద్దు? నాకు కనపల్లేదే," అన్నాడు నడిపిమామ.

"మీరిద్దరూ కనపల్లేదు," అన్నాడు చిన్నమామ.

మాటా మాటా పెరిగింది. బయట జీపుల తలుపులు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. మా అమ్మ ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. నా గుండె గుర్రాల కంటే వేగంగా కొట్టుకుంటోంది.

అప్పుడు అవ్వ కూర్చున్న చోటి నుంచే అంది: "నోర్లు మూయండి. పెద్దోడు అటక మీద, నడిపోడు గడ్డివామిలో, చిన్నోడు నా మంచం కింద. వాకిలేసింది నేను. ఎవుని ఊర్లో వాడు చెప్పుకుంటాండాడు, చెప్పుకోనీలే అనుకుంటి."

కిటికీ అవతల జీపు డ్రైవరు ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మామలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ముగ్గురూ కలిసి నా వైపు తిరిగారు.

"ఆ క్యాసెట్టు ఇట్ట తేరా."

పెద్దమామ నా కుడి చెయ్యి పట్టుకున్నాడు, నడిపిమామ ఎడమ చెయ్యి. చిన్నమామ క్యాసెట్టు పగలగొట్టి, మేక పేగులు తీసినట్టు టేపంతా బయటికి లాగాడు. నన్ను తిట్టడంలో మూడు పార్టీలకూ ఒకే మేనిఫెస్టో. తిట్టి తిట్టి అలసిపోయి, మాటల్లో పడి ఒకే వరసలో భోజనానికి కూర్చున్నారు. నడిపిమామ తన విస్తరిలోని ఓళిగ తీసి చిన్నమామకు వేశాడు. మా అమ్మ వడ్డిస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నన్ను మాత్రం ఎవరూ పిలవలేదు.

టేపు చుట్టుకుంటూ మూలన కూర్చున్న నా దగ్గరికి అవ్వ వచ్చింది.

"ఎన్నేండ్లకు కలిసి తింటాండారు సామీ. మల్లా ఎప్పుడు తీచ్చావు?"

ఆ క్షణమే పెన్నేటి సాక్షిగా ఒట్టు వేసుకున్నాను. నా ఒంట్లో ప్రాణముండగా చుట్టాల ముందు కెమెరా తెరవను. తీయక తప్పదంటే గండికోటకు పోయి రాళ్ళను తీస్తాను. వాటికి అన్నదమ్ములు ఉండరు.