నీలం పొగగొట్టం

మా ఆయనకి ఈత రాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా ఇంట్లో అలమరా మీద, ఫ్రిజ్ మీద, చివరికి నా దారపు రీళ్ల స్టాండు మీద కూడా ఓడలు చూసినవాళ్లు ఆయన సముద్రాలన్నీ తిరిగొచ్చిన మనిషనుకుంటారు. ఆయన లిఫ్టు మెకానిక్. అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టుల్లోంచి జనాన్ని బయటికి తీయడం ఆయన పని. తలుపు సందులోంచి "ఏం కాదు, నేనున్నాను, మెల్లగా ఊపిరి తీసుకోండి" అని చెప్పే గొంతు ఒకటుంది ఆయన దగ్గర. నాకు కోపమొచ్చినప్పుడల్లా నా మీద కూడా అదే గొంతు వాడతాడు. దాంతో నా కోపం రెట్టింపవుతుంది.

నేను బట్టలు సరిచేస్తాను. కొత్తవి కుట్టను. వదులైనవి బిగిస్తాను, బిగువైనవి వదులు చేస్తాను, చిరిగినచోట చిరిగినట్టు తెలియకుండా రఫ్ఫు చేస్తాను. ఏ బట్టకి ఏ దారం కలుస్తుందో రీలు పక్కన పెట్టి చూడక్కర్లేకుండానే చెప్పగలను. గొప్పలు పోతున్నానని కాదు, ఈ గొడవంతా ఆ కన్ను వల్లే వచ్చింది.

ప్లాస్టిక్ ఓడలు కట్టడం చిన్నపిల్లల ఆట అని పెళ్లయిన కొత్తలో నేనూ అనుకున్నాను. పెట్టె తెరిస్తే ఫ్రేములకి అంటుకుని బోలెడన్ని ముక్కలుంటాయి. ఒక్కొక్కటి నా చిటికెనవేలి గోరులో సగం కూడా ఉండదు. దాన్ని కత్తిరించి, అంచులు ఆకురాయితో రుద్ది, రంగు వేసి, పట్టకారుతో ఊపిరి బిగబట్టి అతికిస్తాడు. ముక్క ఎగిరి కింద పడిందంటే నేను మిషను ఆపి నేల మీద మోకాళ్లేసి వెతకాలి. నా సూది పడితే మాత్రం నేనొక్కదాన్నే వెతుక్కుంటాను. మిగిలిపోయిన ఫ్రేమును కొవ్వొత్తి మంట మీద చూపించి రెండు చేతులతో లాగుతాడు. అది వెంట్రుకంత సన్నగా సాగుతుంది, ఓడ స్తంభానికి తీగలాగా కడతాడు. పక్కనే పెళ్లాం అన్ని రంగుల దారాలూ పెట్టుకుని కూర్చుని ఉంటే, ఈయన ప్లాస్టిక్‌తో దారం తీసుకుంటాడు. ఉడుక్కోక ఏం చేయను?

ఈ ఓడల వాళ్లకి ఒక పట్టింపు ఉంది. ఓడని కడితే ఏదో ఒక కాలానికి కట్టాలి. అసలు ఓడలు ఊరికే ఉండవు కదా. ఒకసారి రంగు మారుస్తారు, ఒకసారి లైఫ్ బోటు తీసేస్తారు, ఇంకోసారి కొత్త యాంటెనా పెడతారు. ముందు కాలపు రంగు వేసి తర్వాతి కాలపు యాంటెనా పెడితే, పని ఎంత నాజూకుగా ఉన్నా అది తప్పు ఓడ. ఓడలు కట్టేవాళ్ల జట్టుకి పెద్దదిక్కు మందుల షాపాయన. ఆయన ఒకసారి అలా కలిపి కట్టాడని మా ఆయన కొన్నాళ్లు ఆ షాపులో తలనొప్పి మాత్ర కూడా కొనలేదు. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి, ఓడల దగ్గర మాత్రం జడ్జిగారైపోతాడు.

నాకు ముందు ఆయనకో భార్య ఉండేది. జబ్బు చేసి పోయింది. ఆ సంగతి మా ఆడపడుచు సంబంధం మాట్లాడటానికి వచ్చినప్పుడే దాచకుండా చెప్పింది. ఇల్లు చూడటానికి వెళ్తే గోడల మీద ఆమె ఫొటో ఒక్కటీ లేదు, అలమరాలో ఆమె చీర ఒక్కటీ లేదు. నాకది నచ్చింది. ఖాళీ ఇంట్లోకి వస్తున్నాననుకున్నాను. ఆమె పేరు ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. మనసులో మొదటామె అనుకుంటాను, అంతే.

మా ఊరికీ అవతలి ఒడ్డుకీ మధ్య ఒకప్పుడు ఫెర్రీ ఓడ నడిచేది. వంతెన వచ్చాక దాన్ని తుక్కు కింద అమ్మేశారు. పెళ్లయిన కొత్తలో నేను సరిచేసిన బట్టలు మూటగట్టుకుని అవతలి ఒడ్డు దుకాణాలకి ఇచ్చి వచ్చేదాన్ని. పని లేని రోజుల్లో ఈయన తోడొచ్చేవాడు. అలాంటి ఫెర్రీకి పెట్టెలో తయారుగా దొరికే ముక్కలెక్కడుంటాయి? అందుకని ఏదో సరుకుల ఓడ పెట్టె కొని, దాని ముక్కు కోసి, వెనక భాగం పెంచి, ప్లాస్టిక్ రేకులు కత్తిరించి మన ఫెర్రీ కడతానన్నాడు. నా చెవులని నేను నమ్మలేదు. ఇన్నేళ్లకి ఈ మనిషికి మన సంగతి ఒకటి గుర్తొచ్చిందనుకున్నాను. మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లకి చెప్పాను. కింద పడ్డ ముక్కలు ఆయన అడగకముందే వెతికిచ్చాను.

అప్పుడు పొగగొట్టానికి రంగు వేశాడు. నీలం.

ఎండలో ఆరబెట్టిన పొగగొట్టాన్ని చూసి, రంగు తప్పు వేశారు, అది ఎరుపు కదా అన్నాను. ముదురు ఎరుపు, కాస్త ఇటుక ఛాయ, నాకు బాగా గుర్తు. ఎరుపు తర్వాత వచ్చింది, మొదట నీలమే అన్నాడు. బ్రష్షు కడుక్కుంటూ, తల కూడా ఎత్తకుండా.

తర్వాత అంటే ఎప్పుడు తర్వాత? నేను ఆ ఫెర్రీ మొదటిసారి ఎక్కినప్పటికే అది ఎరుపు. నేను ఎక్కిన ప్రతిసారీ ఎరుపు. నీలం ఉన్న రోజుల్లో ఆయన పక్కన నిలబడింది నేను కాదు. ఆయన ఏ కాలానికి కడుతున్నాడో ఆ కాలంలో నేను లేను. ఖాళీగా ఉందనుకున్న ఇంట్లోకి మొదటామె ఓడెక్కి వచ్చి కూర్చుంది.

కడుపులో మంట అంటే ఏమిటో ఆ వారమంతా తెలిసింది. ఆయన పనికి వెళ్లగానే నేను మిషను వదిలేసి ఆ ఓడ ముందు కూర్చునేదాన్ని. ఒక్కో అంగుళం చూశాను. వెనక డెక్ మీద ఎడమవైపు రెయిలింగు ఒకచోట కాస్త బయటికి వంగి ఉంది. మిగతాదంతా గీత గీసినట్టు తిన్నగా ఉంది. ఈయన చేతిలో పొరపాటున వంగదు. ఎవరో రోజూ ఆనుకుంటే వంగిన వంపు అది. లోపలంతా ఉడికిపోయింది. మా చెల్లెలికి ఫోన్ చేశాను. చచ్చిపోయిన మనిషితో నీకు పోటీ ఏంటే అక్కా అంది. బతికున్న మనిషైతే ఎదురుగా వెళ్లి జుట్టు పట్టుకునేదాన్ని, దీనికేం చేయనే అన్నాను. అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం పొద్దున ఆయన లైఫ్ బోటు మీదికి గుడ్డ ముసుగు చేస్తున్నాడు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ రెయిలింగు ఎందుకు వంగింది?"

"అక్కడ నిజంగానే వంగి ఉండేది."

"ఎవరు ఆనుకుంటే వంగింది?"

పట్టకారు కింద పెట్టాడు. ఆ లిఫ్టు గొంతు వాడతాడేమో, వాడితే ఓడ కిటికీలోంచి విసిరేద్దామనుకున్నాను. వాడలేదు.

"తనకి లోపల కూర్చుంటే కడుపులో తిప్పేది. ఎండైనా వానైనా బయటే నిలబడేవాళ్లం. ఆ రెయిలింగు ముందునుంచే వంగి ఉంది, అక్కడ నిలబడితే చేతికి పట్టు దొరికేది."

"మనం కూడా తిరిగాం కదా దాంట్లో. ఎరుపు వేస్తే ఏం పోయింది?"

"ఎరుపు వేస్తే లైఫ్ బోట్లు మారాలి, వెనక షెడ్డు రావాలి, స్తంభం మారాలి. అవి నాకు సరిగ్గా గుర్తులేవు. నీతో ఎప్పుడూ డెక్ మీదికి వెళ్లలేదు. బట్టలకి ఉప్పుగాలి తగులుతుందని నువ్వు లోపలే కూర్చునేదానివి."

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. నీ మీద ప్రేమ లేక కాదు అనో, ఇంకోటో అనుంటే పోట్లాడటానికి ఏదో ఒకటి దొరికేది. ఇది నిజం. నేను లోపలే కూర్చున్నాను. మూటని మా ఇద్దరి మధ్య సీటు మీద పెట్టుకునేదాన్ని, కొత్త కాపురం కదా, నలుగురూ చూస్తారని. బయట గాలి, నీళ్లు, ఆకాశం అన్నీ ఆమెకే పోయాయి. నాకు మిగిలింది ఆకుపచ్చ రెక్సిన్ సీటు.

"అయితే లోపల కట్టండి," అన్నాను. "సీట్లు, నా మూట."

పై డెక్ అంతా ఒకే ముక్క. రంగుల కోసం దాన్ని ఇంకా విడిగానే పెట్టాడు. కింద గది ఖాళీగా ఉంది. ఆయన ఓపిగ్గానే చెప్పాడు. డెక్ మూశాక లోపల ఏమీ కనబడదు, కిటికీలు సూదిబెజ్జాలంత ఉన్నాయి. అదీగాక ఆ ఆకుపచ్చ సీట్లు ఎరుపు రోజుల్లో వేసినవి, నీలం రోజుల్లో చెక్క బల్లలే. ఈ ఓడలో అవి పెడితే తప్పవుతుంది.

తప్పవుతుంది అన్న మాట నా చెవిలో పడగానే లేచి వచ్చేశాను. ఆమె చోట ఆమె ఉండటం ఒప్పు, నా చోట నేనుండటం తప్పు. ఆ తర్వాత నేను మాట్లాడింది లేదు. అన్నం పెట్టాను, ఇస్త్రీ బట్టలు కుర్చీ మీద పెట్టాను, మూతి ముడుచుకుని మిషను తొక్కుకున్నాను. ఆయనా బతిమాలలేదు. ఒకటి మాత్రం చూశాను. ఓడ పని ముందుకి సాగడం లేదు. రోజూ సాయంత్రం డెక్ చేతిలోకి తీసుకుంటాడు, ఓడ మీద పెట్టి చూస్తాడు, మళ్లీ తీసేస్తాడు.

ఆ పనికి గడువు ఉందని నాకు తెలుసు. ఏటా లైబ్రరీ హాల్లో వీళ్లు ఓడలన్నీ బల్లల మీద పెడతారు. అందులో బాగుందన్నదాన్ని లైబ్రరీ గుమ్మం పక్కన అద్దాల పెట్టెలో ఏడాదంతా ఉంచుతారు. మా ఆయన ఓడ అందులోకి ఎప్పుడూ వెళ్లలేదు. లైబ్రరీకి వెళ్లినప్పుడల్లా ఆ పెట్టె ముందు బూటు లేసు కట్టుకునే నెపంతో ఆగుతాడు. ఈసారి ఊరందరూ ఎక్కిన ఫెర్రీ. ఈయనకి కాక ఇంకెవరికిస్తారు?

ఒకరోజు చిన్న మూతలో ఆకుపచ్చ రంగు కలుపుకుని నా మిషను దగ్గరికి వచ్చాడు.

"ఇదేనా చూడు."

కాదు. మరీ గడ్డి రంగు. నేను మాట్లాడకుండా స్టాండు మీంచి ఒక రీలు తీసి ఆయన చేతిలో పెట్టాను. దానికి సరిపోయేదాకా ఒక చుక్క నలుపు, ఒక చుక్క పసుపు కలుపుతూ పోయాడు. నేను తల ఊపాక ఆపాడు. సీట్లు ప్లాస్టిక్ రేకుతో చేసి వరసగా నిలబెట్టాడు. కిటికీ పక్క సీటు మీద తెల్ల పుట్టీని ఆవగింజంత ముద్ద చేసి పెట్టాడు. దానికి ముడి కూడా చెక్కాడు. భూతద్దం ఇచ్చి చూడమన్నాడు. నా మూటే. అప్పుడు డెక్ మూసి అంచుల వెంట జిగురు పోశాడు. మాటలు మళ్లీ మొదలుపెట్టాను కానీ, ఆ నీలం పొగగొట్టం చూస్తే మంట మాత్రం అలాగే ఉంది.

లైబ్రరీ హాల్లో ఆ ఓడ చుట్టూ జనం మూగారు. ఫలానా చోట మేం నిలబడేవాళ్లం, ఫలానా చోట టికెట్లు చింపేవాడు అని ఒకరికొకరు వేళ్లు పెట్టి చూపించుకున్నారు. వంగిన రెయిలింగు చూసి ఒక పెద్దావిడ, అబ్బ, ఇది కూడా వదల్లేదే అంది. నాకు ఒళ్లు మండింది. చివర్న మందుల షాపాయన వచ్చాడు. పొగగొట్టం, స్తంభం, లైఫ్ బోట్లు అన్నీ చూసి తలాడించాడు. జేబులోంచి పెన్ను టార్చి తీసి కిటికీల్లోకి కొట్టాడు. వంగి ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఇదేంటండీ, లోపల ఆకుపచ్చ సీట్లా? అవి ఎరుపు రంగు వేశాక కదా వచ్చింది."

"అవును," అన్నాడు మా ఆయన.

"పైగా ఒకదాని మీద పుట్టీ ముద్ద పడి ఉండిపోయింది. చూసుకోలేదా?"

చుట్టూ ఉన్నవాళ్లు కూడా వంగి చూడటం మొదలుపెట్టారు. ఇప్పుడు చెప్తాడు, మా ఆవిడ గొడవ చేస్తే పెట్టానని నవ్వేస్తాడు, అందరూ నవ్వుతారు అనుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు.

"పడింది," అన్నాడు.

మందుల షాపాయన మంచివాడే. పాతది మనసులో పెట్టుకోలేదు. గొంతు తగ్గించి, ఫలితం చెప్పేది సాయంత్రానికి కదా, డెక్ లేపి ఆ సీట్లు తీసేయండి, ఈలోపు నేను చూడలేదనుకుంటాను అన్నాడు.

"లేవదండీ. అతికించేశాను."

ఆ జిగురు మామూలు జిగురు కాదు. రెండు ముక్కల అంచులూ కరిగించి ఒకటి చేసేస్తుంది. విడదీయాలంటే ఓడ పగలగొట్టాలి. అది ఆ హాల్లో అందరికీ తెలుసు. డెక్ రోజూ చేతిలోకి తీసుకుని మళ్లీ పక్కన పెట్టిన మనిషికి ఇంకా బాగా తెలుసు.

సాయంత్రం అద్దాల పెట్టెలో చోటు జట్టులోని పళ్ల డాక్టరుగారు కట్టిన టగ్ బోటుకి దక్కింది. మా ఆయన అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. ఆ మొహం చూసి నాకు జాలి కలగాలి. కలగలేదు. సంతోషం కలిగింది, దాచుకోలేనంత. ఆమె కోసం ఓడంతా ఒప్పుగా కట్టాడు. నా కోసం తప్పు చేశాడు, దాన్ని పగలకుండా తీయలేని చోట పెట్టాడు, నలుగురిలో తన చేతగానితనమని ఒప్పుకున్నాడు.

బస్సులో ఓడ పెట్టెని తన ఒళ్లో పెట్టమన్నాడు. ఇవ్వలేదు. ఇంటిదాకా నేనే పట్టుకున్నాను.