కాజాలు లేని చొక్కాలు

మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. అన్నం తినేటప్పుడూ అదే, కునుకు తీసేటప్పుడూ అదే. అందుకే అందరూ టేపు మాస్టారనేవారు. ఇంటి ముందు గదే దర్జీ దుకాణం. కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని పక్కన చక్రాల కుర్చీ, ఆ కుర్చీలో చిన్నోడు. చిన్నోడంటే చిన్నవాడేమీ కాదు, మీసాలొచ్చి చాలా కాలమైంది. పిలుపు అలా ఉండిపోయిందంతే.

పుట్టినప్పుడు వాడు ఏడవలేదు. కాన్పు కష్టమై, ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిందని డాక్టరు చెప్పాడు. కాళ్ళూ కుడిచెయ్యీ కర్రల్లా బిగుసుకుపోయాయి. మాట రాలేదు. ఎడమచెయ్యి మాత్రం కాస్త చెప్పినమాట వినేది. తల్లి ఏడ్చి ఏడ్చి, చివరికి నడుం బిగించి, వాణ్ణి ఎత్తడం, దించడం, మెత్తగా కలిపి తినిపించడం నేర్చుకుంది. మాస్టారికి ఏడవడం చేతకాలేదు. ఆయనకి వచ్చిందల్లా కుట్టడం. చొంగ కారుతుందంటే కాలరులా కనిపించే గుడ్డ కుట్టాడు. ప్యాంటు తొడగడం కష్టమంటే పక్కన పొడుగునా జిప్పు పెట్టాడు. ఏ కష్టమొచ్చినా సూదీదారంతో తేలిపోతుందనుకునే మనిషి.

చొక్కా దగ్గర మరీ తెలివి చూపించాడు. బిగుసుకున్న చేతిని మామూలు చొక్కాలో దూర్చాలంటే తల్లికీ కొడుక్కీ కూడా నరకమే. అందుకని వీపు వైపు నిలువునా తెరిచి, అంటించే పట్టీలు పెట్టాడు. ముందువైపు మూసి కుట్టేసి, పైన వరసగా బొత్తాలు. కాజాలు లేవు, ఉత్త బొత్తాలే. చూసేవాళ్ళకి అచ్చం మామూలు చొక్కాయే. "నా కొడుకు పదిమందిలో పదిమందిలాగే కనపడాలి" అనేవాడు. అబద్ధమెందుకు, ముచ్చటగా కుట్టేవాడు.

ఒకటే చిక్కు. చిన్నోడి ఎడమచెయ్యి ఎప్పుడూ మూడో బొత్తం మీదే ఉండేది. తిప్పడం, లాగడం, నెట్టడం. కొన్నాళ్ళకల్లా ఆ బొత్తం దారానికి వేలాడుతూ కనిపించేది.

"ఏమండీ, మళ్ళీ పీకేశాడు" అనేది తల్లి.

"వాడికదో పిచ్చి అలవాటు" అని మాస్టారు దారం మరిన్ని పేటలు వేసి బిగించేవాడు. "ఇక ఏనుగొచ్చి లాగినా రాదు, చూస్కో" అని నవ్వేవాడు కూడా. ఓసారి విసుగు పుట్టి, ఆ చేతికి చిన్న గుడ్డసంచీ కుట్టి తొడిగేశాడు. అది నెలల తరబడి అలాగే ఉంది. వాడికి పనిచేసే చెయ్యి అదొక్కటే.

అలా ఏళ్ళు గడిచాక ఒకరోజు మాస్టారి చెల్లెలు చూడ్డానికొచ్చింది. మేనల్లుడి కోసం కొన్న చొక్కా తెచ్చింది. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"దర్జీ కొడుక్కి రెడీమేడ్ చొక్కానా? నా చేతులేమన్నా పడిపోయాయా?"

"అబ్బ, ఊరుకో అన్నయ్యా. రంగు బాగుందని తెచ్చాను. ఒక్కసారి వేసి చూద్దాం. వదినా, నువ్వా చెయ్యి పట్టుకో."

ఆడవాళ్ళిద్దరూ కిందామీదా పడి తొడిగారు, బొత్తాలు పెట్టారు. మాస్టారు మూతి ముడుచుకుని మిషను తొక్కుతున్నాడు. చిన్నోడి చెయ్యి మూడో బొత్తం మీదికి పోయింది.

"ఒరేయ్, తెంపకు" అన్నాడాయన, అలవాటుగా, తలెత్తకుండానే.

చిన్నోడు వినలేదు. బొటనవేలితో బొత్తాన్ని ఏటవాలుగా తోశాడు. జారిపోయింది. మళ్ళీ తోశాడు. నుదుట చెమట పట్టింది. చివరికి బొత్తం కాజాలోంచి బయటికొచ్చింది. వాడు పెద్దగా కేక పెట్టాడు. అంత సంతోషంగా వాడు అరవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. మిషను ఆగింది.

"ఏమండీ" అంది తల్లి. "వీడు పీకడంలేదండీ. విప్పుతున్నాడు. ఇన్నాళ్ళూ విప్పాలనే చూశాడండీ."

పొద్దస్తమానం తండ్రి పక్కనే కూర్చుని, చొక్కా సరిచూసుకోడానికొచ్చిన ప్రతివాళ్ళూ బొత్తాలు పెట్టుకోవడం, విప్పుకోవడం చూసినవాడు. వాడికేం తెలుస్తుందిలే అనుకున్నది మాస్టారే. ఆయన కుర్చీ ముందు చతికిలబడ్డాడు. ఆ ఎడమచెయ్యి పట్టుకుని, చెల్లెలు చూస్తోందని కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు వాణ్ణి, ఇలాంటి పిల్లలకి వ్యాయామాలు నేర్పే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళి, "చిన్నప్పుడే మొదలుపెట్టి ఉంటే?" అని అడిగాడు.

ఆవిడ వాడి వేళ్ళు ఒక్కొక్కటే చాపి చూసింది. "చాలా వచ్చేది మాస్టారూ. ఇప్పుడీ వేళ్ళు కూడా బిగుసుకుంటున్నాయి. చెయ్యగలిగినంత చెయ్యనివ్వండి, అడ్డుపడకండి" అంది.

ఇంటికొచ్చి, వచ్చిన గిరాకీని వెనక్కి పంపేసి, మాస్టారు చిన్నోడి చొక్కాలన్నీ ముందేసుకున్నాడు. ముందువైపు కుట్లన్నీ విప్పాడు. మిషను ముట్టుకోకుండా చేత్తోనే కాజాలు తీశాడు, బొత్తం సులువుగా జారేలా కాస్త వదులుగా. అంత శ్రద్ధగా ఆయన ఎవరికీ కుట్టి ఉండడు. వాటిలో ఒకటి తొడిగి, ఎదురుగా కూర్చున్నాడు.

చిన్నోడి చెయ్యి ఒళ్ళోంచి కదల్లేదు.

"విప్పు నాన్నా. ఇప్పుడొస్తుంది. ఇదిగో, చూడు" అని తనే ఒకటి విప్పి చూపించాడు. వాడి చెయ్యి తీసి బొత్తం మీద పెట్టాడు. వాడు వెనక్కి లాక్కున్నాడు. ఇంకోటి తొడిగినా అంతే. కొత్త గుడ్డ తెచ్చి, కొత్తది కుట్టి తొడిగినా అంతే. అది ఎవరి మిషను మీంచి వచ్చిందో వాడు చూశాడు మరి. మేనత్త తెచ్చిన చొక్కా తొడిగితే మాత్రం ఆబగా విప్పడం మొదలుపెట్టేవాడు.

నాన్న కుట్టిన చొక్కాకి బొత్తాలు రావని వాడికి తెలుసు. ఎంత లాగినా రావని ఏళ్ళ తరబడి నేర్పింది నాన్నే.

ఆ ఒక్క చొక్కా ఉతికి ఉతికి వెలిసిపోతుంటే, మాస్టారు చెల్లెలికి ఫోన్ చేశాడు. పిల్లల గురించి అడిగాడు, ఎండల గురించి మాట్లాడాడు, చాలాసేపు అదీ ఇదీ చెప్పాడు.

"ఈసారి వచ్చేటప్పుడు వాడికింకో రెండు చొక్కాలు పట్టుకురామ్మా" అన్నాడు చివరికి.

ఆవిడకి అన్నయ్య పాత కోపం గుర్తొచ్చింది. "మంచి గుడ్డ తెస్తాలే అన్నయ్యా. నువ్వే కుడుదువుగాని."

"వద్దమ్మా. కొన్నవే తీసుకురా."