తాబేలుకి ధూపం

ఆ కాలంలో మా ఇంటి విదేశాంగ శాఖ మొత్తం నా చేతుల్లోనే ఉండేది. నాన్నది ఫౌజు ఉద్యోగం, మాది శ్రీకాకుళం వైపు ఊరు, ఢిల్లీ కంటోన్మెంటులో అప్పుడే క్వార్టరు దొరికింది. బడిలో నాలుగు హిందీ ముక్కలు పట్టేసిన నేను, పదేళ్ళ వయసులో, కూరగాయల భయ్యాకీ అమ్మకీ మధ్య రాయబారిని. (పుచ్చు వంకాయల మీద అమ్మ తిట్టిన తిట్లన్నీ "మమ్మీకో పసంద్ నహీ" అని కుదించి శాంతిని కాపాడిన ఘనత నాది.) అమ్మ మాత్రం గడప దాటేది కాదు. చలి మొదలవగానే ఆంటీలందరూ బయట నులక మంచాల మీద కూర్చుని బఠాణీలు వలుస్తూ కబుర్లాడుతుంటే కిటికీలోంచి చూసేది. వెళ్ళమంటే, "నవ్వుతారే. ఆ భాషలో కుర్చీకి కూడా ఆడా మగా ఉంటాదట, నాకేటి తెలుస్తాది" అనేది.

పక్క క్వార్టరు ఆంటీ వాళ్ళకి పోస్టింగ్ వచ్చింది. సామాను లారీకి ఎక్కించిన రోజున ఆవిడ అరచేతిలో ఇమిడేంత తాబేలు పిల్లని తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, "దీదీ, ఇస్కో రోజ్ ధూప్ దిఖానా" అని చెప్పింది. నేను తర్జుమాకి గొంతు సవరించుకునే లోపే అమ్మ నన్ను ఆపేసింది. "ఇది నువ్వు చెప్పక్కర్నేదు. రోజూ ధూపం చూపించమంటంది. తెలుగే కదేటి." ఢిల్లీ వచ్చాక అమ్మ తనంతట తాను అర్థం చేసుకున్న మొదటి హిందీ మాట అది. ముఖం వెలిగిపోయింది. నాకు ఉద్యోగం ఊడుతుందేమోనన్న బెంగ తప్ప వేరే అనుమానమేదీ రాలేదు. మా పుస్తకంలో సూరజ్ వచ్చింది గాని, ధూప్ ఇంకా రాలేదు. (ఇలాంటి జీవాలను ఇంట్లో పెంచడానికి చట్టం ఒప్పుకోదన్న సంగతీ అప్పుడు మాకు తెలీదు.)

చంటిపిల్లలకి ఏం చేస్తారో అమ్మ దానికీ అదే చేసింది. దాని కాపురం వంటింటి మూల ప్లాస్టిక్ టబ్బులో. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డతో తుడవడం, ఆపైన ఇస్త్రీ భయ్యా దగ్గర నేను అడిగి తెచ్చిన నిప్పుల మీద సాంబ్రాణి. పొగ లేవగానే తాబేలు తల లోపలికి లాగేసుకునేది. "సిగ్గు" అనేది అమ్మ మురిపెంగా. ఊళ్ళో నన్నూ అలాగే బుట్ట మీద బోర్లించి పెంచిందట. రానురాను అది పాలకూర ముట్టడం మానేసింది. వేలితో తాకితే డిప్ప నానిన అప్పడంలా మెత్తగా తగిలింది. అమ్మ కంగారుపడి పూటకొకసారి పొగ వేయడం మొదలుపెట్టింది.

కిటికీలోంచి పూటపూటా పొగ రావడం చూసి, మేం కూర్మావతారానికి పూజలు చేస్తున్నామని ఆంటీలు అనుకున్నారట. చివరికి ఎదురింటి సర్దార్నీ ఆంటీ లోపలికే వచ్చి అడిగింది. "ధూప్ దిఖా రహే హైఁ" అన్నాను గర్వంగా. ఆవిడ పడీపడీ నవ్వింది. టబ్బులోకి చూశాక నవ్వు ఆగిపోయింది. అమ్మ మణికట్టు పట్టుకుని గడప దాటించి, వాకిట్లో నిలబెట్టి, నేల మీద పడ్డ ఎండని చూపించింది. "యే హై ధూప్, పుత్తర్." అమ్మ గబగబా లోపలికి వెళ్ళి టబ్బు తెచ్చి ఆ ఎండలో పెట్టింది.

ఆ సాయంత్రమే నాన్న ఇటుకలు పేర్చి, పైన ఇనుప జాలీ వేసి వాకిట్లో దానికో ఇల్లు కట్టాడు. గద్దలు తన్నుకుపోతాయన్న భయంతో అమ్మ రోజంతా పక్కనే కాపలా కూర్చునేది, అంటే ఆంటీల మధ్యన. వాళ్ళు ఆమె హిందీకి నవ్వేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది. తాబేలు ఎండలో మెడ చాపి నడిచింది. అంత మెడ ఉందని మాకు తెలియనే తెలియదు. కానీ వారం తిరక్కుండానే పొగమంచు దిగింది. రోజుల తరబడి సూర్యుడు కనబడలేదు. ఎండ కాసినన్నాళ్ళూ దాన్ని లోపల పెట్టి, ఎండ లేని రోజుల కోసం బయట ఇల్లు కట్టాం. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది. ఓ పొద్దున అది కదల్లేదు.

మంచు విడిచిన రోజున ఆంటీలు తాబేలేదని అడిగారు. అమ్మే చెప్పింది, "కఛువా చలీ గయీ" అని, తాబేలు వెళ్ళిపోయిందని. వాళ్ళ భాషలో కఛువా మగది, అమ్మ దాన్ని ఆడది చేసింది. ఎవరూ నవ్వలేదు. సర్దార్నీ ఆంటీ మంచం మీద జరిగి చోటిచ్చింది.

ఇప్పుడు మేం ఘాజియాబాద్‌లో ఉంటున్నాం. అమ్మ అపార్ట్‌మెంటు మొత్తంతో హిందీలో దెబ్బలాడగలదు, నా కూతురు ఆమె ఆడా మగా తప్పులన్నీ పట్టి దిద్దుతుంటుంది. నేనూ నవ్వుకుంటూ వింటాను. మొన్న తాబేలు సంగతి చెబుతూ అమ్మ మళ్ళీ "చలీ గయీ" అంది. "గయా, నానీ" అనబోయిన పిల్ల నోటికి నా చెయ్యి అడ్డం పెట్టాను.