మా కారు పోగొట్టిన సినిమా

ఆ సినిమా చూడకపోయుంటే మా కారు ఇప్పటికీ మా వాకిట్లోనే ఉండేది. ఇప్పుడు పోలీసు స్టేషను వెనక జాగాలో ఎండకి ఎండి, వానకి తడిసి పడి ఉంది. కేసు తేలేదాకా ఇవ్వరట. అయినా సరే, ఆ సినిమాని ఎవరైనా తిడితే నేను ఊరుకోను. "ఆదివారం ఆరాధన అవగానే సినిమాకి పరిగెడితే ఇలాగే అవుతాది" అని మా చర్చిలో పెద్దమ్మలు నా మొహం మీదే అన్నారు. "పరిగెట్టబట్టే మా ఆయన నాకు దక్కినాడు" అని నేనూ అన్నాను. నా నోరు అంత మంచిది కాదని శృంగవరపుకోటలో అందరికీ తెలుసు.

నేను బడిలో పిల్లలకి తెలుగు చెప్తాను. మా ఆయన సొంత కారు బాడుగకి తోలేవాడు. అరకు చూడ్డానికి వచ్చేవాళ్లని ఘాట్ రోడ్డు ఎక్కించి, దింపి, విజయనగరంలో రైలెక్కించేవాడు. నెమ్మదైన మనిషి. ఎవరేమడిగినా కాదనలేడు. ఆయన తరఫున కాదనే పని కూడా ఇంట్లో నాదే. సినిమాల పిచ్చి మాత్రం నా ఒక్కదానిదే. తెర మీద కారు కనిపించిందంటే చాలు, మా ఆయన పక్కన కూర్చుని వంకలు మొదలుపెడతాడు. "రోడ్డు తిన్నగా ఉంటే ఆ స్టీరింగు అలా తిప్పుతాడేటే? కాలవలో పడడా?" అని నా చెవిలో ఒకటే నస.

ఆ ఆదివారం చర్చి చీరతోనే మా ఆయన కారులో విజయనగరం మ్యాట్నీకి బయల్దేరాను. ఊరు దాటాక టీ కొట్టు దగ్గర ఒకతను చెయ్యెత్తితే మా ఆయన బండి ఆపాడు. నేనెప్పుడూ చూడని మనిషి. "బావా!" అంటూ నవ్వుతూ వచ్చాడు. కిటికీలోంచి నన్ను చూసి, "సెల్లీ, బాగున్నావేటి? సిక్కిపోనావు" అన్నాడు. నేనేమీ చిక్కలేదు. అయినా ఆ మాటకి కరిగిపోయాను. ఒక గోనెసంచి డిక్కీలో పెట్టించి, "అల్లం బావా. సాయంత్రం రైలు టైముకి మావోడొచ్చి తీసుకుంటాడు" అన్నాడు. అంతకు ముందు కూడా మా ఆయన అతని సంచులు చేరవేశాడని దారిలో తెలిసింది.

మా వైపు ఇది మామూలే. జీపులోనో బస్సులోనో తెలిసినవాళ్ల చేత పనసకాయో, పసుపో, పిల్లాడి క్యారేజీయో పంపిస్తాం. నోరారా బావా అని పిలిచిన మనిషిని సంచిలో ఏముందని అడిగితే, నువ్వు దొంగవా అని అడిగినట్టే. పేరడగడం కూడా నామోషీయే. కొండల మీద నుంచి ఇంకేం దిగుతోందో మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కానీ అది బావ అని పిలిచేవాడి సంచిలో ఉంటుందని ఎవరికి తోస్తుంది? నాకైతే తోచలేదు. అల్లం పచ్చడి చేసి చాలా రోజులైందే అనుకుంటూ కూర్చున్నాను.

సినిమా మొదలైంది. అబ్బ, ఏం తీశాడండీ! నీటి మోటార్లు అమ్మే మామూలు ఉద్యోగి ఒకడు కూతురి పుట్టినరోజుకని కారులో ఇంటికి వెళ్తుంటాడు. దారిలో ఒక పెద్దాయన లిఫ్టు అడిగి, తన సూట్‌కేసు డిక్కీలో పెడతాడు. కథంతా ఆ ఇద్దరి మధ్యనే, ఆ కారులోనే. పెద్దాయన కత్తి తియ్యడు, గొంతు పెంచడు. "మీరు చాలా మంచివారండీ" అంటాడంతే. అన్న ప్రతిసారీ ఈ పిచ్చి మారాజు ఇంకో పని చేసిపెడతాడు. దారి మారుస్తాడు, ఫోను కట్టేస్తాడు. చెక్‌పోస్టు దగ్గర పోలీసు "వెనక ఉన్నాయన ఎవరు?" అని అడిగితే "మా బాబాయండీ" అనేస్తాడు. అనమని ఎవరూ చెప్పలేదు! ఆ సీన్లో దర్శకుడు సంగీతం మొత్తం ఆపేశాడు. ఇంజను చప్పుడొక్కటే. ఆ నటుడి చెవి వెనక నుంచి ఒక చెమట బొట్టు కాలరు దాకా దిగడం తీరిగ్గా చూపించాడు. చెక్‌పోస్టు దాటాక ఆ ఉద్యోగి చెయ్యెత్తి, వెనక సీటు కనపడకుండా లోపలి అద్దాన్ని కొంచెం పైకి తిప్పేస్తాడు. అక్కడ విశ్రాంతి వేశాడు.

ఎన్ని సినిమాలు చూశానో నాకే లెక్క లేదు. మంచివాడు తప్పులోకి జారిపోయే క్షణాన్ని అంత చిన్న పనిలో చూపించినవాణ్ణి మాత్రం నేను చూడలేదు. ఆ దర్శకుడు ఎదురుగా ఉంటే దండం పెట్టేదాన్ని. ఇంకో వింత, మా ఆయన అప్పటిదాకా ఒక్క వంక పెట్టలేదు. గేర్లు సరిగ్గా మారుస్తున్నట్టున్నాడులే అనుకున్నాను.

లైట్లు వెలిగాయి. ఎప్పుడూ సమోసాలకి లేచే మనిషి కదల్లేదు. అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు.

"ఏటి మావా, ఒంట్లో బాగోనేదా?" అన్నాను.

"ఆడికి తెలుసే" అన్నాడు తెర వైపు చూస్తూనే.

"ఎవడికి?"

"కారు తోలేవోడికి. డిక్కీలో ఉన్నాది మంచి సరుకు కాదని ఆడికి తెలుసు. తెలీనట్టు తోల్తన్నాడు." గొంతు తగ్గించాడు. "మన డిక్కీలోదీ అల్లం కాదే."

నేను ఆయన వైపు తిరిగాను. "అల్లమని ఆ మనిషి సెప్పినాడు కదా!"

"అల్లాన్ని ఎవడైనా ప్లాస్టిక్ కవర్లో ఎట్టి, టేపు సుట్టి, మళ్లీ గోనెసంచిలో కుక్కుతాడేటే? పట్టుకుంటే ఇటికల్లాగ తగుల్తన్నాది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. బుర్రుందా నీకు, నన్ను కూడా ఎక్కించుకుని తెచ్చావా, మన బతుకేం గాను అని ఆ కుర్చీల్లోనే దులిపేశాను. వెనక ఎవరో "అమ్మా, మీ సినిమా ఇంటికెళ్లి ఆడించుకోండి" అన్నాడు. "లే, ఎలిపోదాం" అన్నాను. "ఆగే. ఈడేటి సేస్తాడో సూడనీ" అన్నాడు.

మిగతా సగం నేను చూశానో లేదో నాకే తెలీదు. మా ఆయన మాత్రం రెప్ప వెయ్యలేదు. చివరికి ఆ ఉద్యోగి పెద్దాయన్ని దారిలో చంపేసి, సూట్‌కేసుతో సహా పాతిపెట్టి, తెల్లారి ఇంటికొస్తాడు. వాకిట్లో కారు కడుగుతుంటే కూతురు వచ్చి "ప్రయాణం బాగా జరిగిందా నాన్నా?" అంటుంది. "బాగా జరిగిందమ్మా" అని నవ్వుతాడు. ఆ నవ్వు ఎంత హాయిగా ఉందో! అంత గొప్పగా నవ్వాడు కనకే నాకు ఒళ్లు జలదరించింది. హాల్లో అందరూ ఈలలేశారు.

"తప్పించుకున్నాడని ఈలేస్తన్నారే ఈళ్లు" అన్నాడు మా ఆయన. "ఆడెక్కడ తప్పించుకున్నాడు?"

బయటికొచ్చి కారు దగ్గర నిలబడ్డాం. పార్కింగులో బళ్లు ఒక్కొక్కటే కదులుతున్నాయి. నాకున్నది ఒకటే భయం, ఈయన జైలుకి పోతాడని. "వంతెన మీద నుంచి ఏట్లో పడేద్దాం మావా. మనకి తెలీదు, మనం సూడనేదు" అని బతిమాలాను.

"ఇది పడేస్తే మళ్లీవారం ఇంకోటి ఇస్తాడు. బావా అంటాడు. మళ్లీ ఎక్కించుకుంటాను. నన్ను నాకు తెల్దేటి?"

డిక్కీ ఎత్తి సంచి మూతి కుట్టు కోసేశాడు. లోపలి టేపు కూడా చీల్చాడు. ఘాటైన ఆకు వాసన గుప్పుమంది. గంజాయి. మా ఆయన దాన్ని పట్టుకుని చూశాడు, వాసన చూశాడు, మళ్లీ సంచిలో పెట్టాడు. "ఎక్కు" అన్నాడు. పోలీసు స్టేషనుకి పోనిచ్చాడు. దారి పొడుగునా ఏడుస్తూనే తిట్టాను.

స్టేషన్లో ఎస్సై ఒక చిన్న వయసావిడ. మా ఆయన సంచి బల్ల మీద పెట్టి, టీ కొట్టు మనిషి గురించీ, రైలు దగ్గర కాచుకున్నవాడి గురించీ అంతా చెప్పాడు. మనిషి పేరేమిటంటే తెల్దన్నాడు. నేను మధ్యలో దూరాను. "మేడమ్, మా ఆయనకి ఏమీ తెలీదు. వట్టి అమాయకుడు. బావా అంటే నమ్మేశాడు."

ఆవిడ చిరిగిన టేపు చూసి మా ఆయన్ని అడిగింది. "సంచి ఉన్నదున్నట్టు తెచ్చిస్తే నీకేం తెలీదని చెప్పుకోవడానికి దారుండేది కదయ్యా. ఎందుకు తెరిచావు?"

"తెలీదని సెప్పుకోడానికే మేడమ్, ఇన్నాళ్లూ తెరవనేదు."

ఆ మాట ఎంత పని చేసిందో తర్వాత లాయరు గారు తల పట్టుకుని చెప్పారు. సరుకు పట్టిచ్చినవాడు కాస్తా తెలిసి మోసినవాడయ్యాడట. ఆ సాయంత్రమే రైలు దగ్గర మనిషినీ, మర్నాడు టీ కొట్టు బావనీ పట్టుకున్నారు. వాళ్లతో పాటు మా ఆయన కూడా లోపలే ఉండి, బెయిలు మీద వచ్చాడు. మా సందులో ఇప్పటికీ కొందరు నన్ను చూస్తే మాట మార్చేస్తారు. మార్చుకోనీ. అంతటి మనిషితో కాపురం చేస్తున్నానని ఆ రోజు దాకా నాకే తెలీదు.

ఆ గదిలో మాత్రం ఆ మాట వినగానే నా పై ప్రాణం పైనే పోయింది. "నోరుముయ్యి మావా, నీకు దండం పెడతాను" అని ఆయన చెయ్యి గట్టిగా గిల్లాను. ఎస్సై నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "ఏమన్నావు? మళ్లీ చెప్పు" అంది. తప్పించుకోమని ఆవిడే ఇచ్చిన సందు అది. నాకు కూడా అర్థమైంది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అదే మాట ముక్క మార్చకుండా, ఈసారి ఆవిడ రాసుకోడానికి వీలుగా నెమ్మదిగా చెప్పాడు.