ఒక్క కుర్చీకి రెండు కోతలు

టైల్స్ గోదాములో అతన్ని అందరూ హుషారు అనేవాళ్లు. పందొమ్మిదేళ్లుగా ముప్పై కిలోల పెట్టెలు భుజాన వేసుకుని, ఈల వేస్తూ మెట్లెక్కిన మనిషి. నొప్పిగా ఉందని ఒప్పుకోవడం అతనికి నామోషీ. అదే కొంప ముంచింది.

క్లోమంలో గడ్డ ఉంది, కోసి తియ్యాలన్నారు. అంతకు రెండు వారాల ముందే, పక్కనే మోసే బామ్మర్దికీ అదే చెప్పారు. "రోగంలో కూడా చుట్టరికం వదలరేంట్రా మీరు!" అని తోటివాళ్లు నవ్వారు. బామ్మర్దికి పొట్ట అడ్డంగా కోశారు. హుషారుకి అయిదు చిన్న కంతలు పెట్టి, గొట్టాలు దూర్చి పని కానిచ్చారు. లోపల తీసేసిన ముక్క మాత్రం ఇద్దరికీ సమానమే.

బామ్మర్ది పద్నాలుగు రోజులు ఆసుపత్రి మంచం మీద మూలిగాడు. హుషారు ఆరో రోజుకే ఇల్లు చేరాడు. పదో రోజున గోదాము గుమ్మంలో నిలబడి, "చూడండ్రా నన్ను! మా బామ్మర్దికి దగ్గాలంటే ఇంకా పొట్టకి దిండు అదుముకోవాలి" అని అందర్నీ నవ్వించాడు. తనూ నవ్వాడు. లోపల కత్తి తిప్పినట్టయింది. బయటపడలేదు.

నెల తిరిగేసరికి సూపర్‌వైజరు ఇద్దర్నీ పిలిచాడు. గేటు దగ్గర ఎవరెన్ని పెట్టెలు మోశారో లెక్క రాసే కుర్చీ ఒకటి ఖాళీ అయింది. అది దక్కనివాడు రేపట్నుంచి మొయ్యాలి, లేదా మానుకోవాలి.

"నాకివ్వండి సార్. అప్పుడే బరువెత్తొద్దన్నారు డాక్టరు" అన్నాడు హుషారు.

"చొక్కా ఎత్తు."

కందిగింజంత మచ్చలు అయిదు.

"ఇదేంట్రా, చీమ కుట్టిందా?"

బామ్మర్ది చొక్కా ఎత్తాడు. ఈ డొక్క నుంచి ఆ డొక్క దాకా జెర్రి పాకినట్టు ఎర్రటి గీత. సూపర్‌వైజరు మొహం తిప్పుకున్నాడు.

"లోపల ఇద్దరికీ ఒకటే కోత సార్. పైన మానినంత తొందరగా లోపల మానదట."

"లోపలిది నాకెలా కనిపిస్తుంది? ఆ రోజు గుమ్మంలో ఎగిరింది నువ్వే కదా?"

హుషారు పక్కకి తిరిగాడు. "నువ్వైనా చెప్పరా."

బామ్మర్ది గుండీలు పెట్టుకుంటున్నాడు. "బావ నాకంటే గట్టివాడు సార్. మొదట్నుంచీ అంతే."

మర్నాడు ఏడో పెట్టెకి హుషారు మెట్ల మీద కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట, నోట్లో చేదు. రెండు చేతులతో పొట్ట అదిమిపట్టుకున్నాడు.

"నాటకాలాపి పక్కకి జరుగు! వెనక మనుషులు ఆగిపోయారు" అని పైనుంచి సూపర్‌వైజరు అరిచాడు.

కుర్చీలోంచి బామ్మర్ది లేవబోయాడు. చెయ్యి పొట్ట మీద వేసుకుని మళ్లీ కూర్చున్నాడు.

"ఆ పెట్టె పగిలిందేమో చూడండి" అన్నాడు. "పగిలితే బావకి ఆరే రాస్తా."