ఆకుకు రాసిన సున్నం

మెదక్ బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దమ్మ తమలపాకుకు సున్నం రాయబోయి ఆగింది.

"బిడ్డా, సున్నం తింటే గుండె నరాలల్ల పేరుకుంటదా?"

"ఎవరు చెప్పిండ్రమ్మా?"

"మా ఆయనకు స్కానింగ్ తీసి, నరాలల్ల కాల్షియం ఉన్నదన్నరు. అంటే సున్నమేనట. పెండ్లయిన కాడికెల్లి ఆయనకు ఆకు చుట్టిచ్చింది నేనే గద."

"ఆకుల సున్నంతోని కాదమ్మా. షుగరు, బీపీ, బీడీలు, పైబడ్డ వయసు, వీటితోని నరాలు లోపల పాడైతయి. పాడైనకాడ కాల్షియం పేరుకుంటది."

ఈ మాటతో ఆమె మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.

"షుగరుండె. బీడీ కడదాక తాగిండు. నా ఆకు ఒక్కటే బంద్ వెట్టిండు. పోయేముందు నెలరోజులు నా చేతిది ముట్టలే బిడ్డా. నేనే మందు వెట్టి చంపుతున్నట్టు చూసేటోడు."

ఇంతలో నా బస్సు వచ్చింది. ఎక్కి కూర్చుని కిటికీలోంచి చూశాను. పెద్దమ్మ రెండాకులకు సున్నం రాసి, విడివిడిగా చుట్టింది. ఒకటి నోట్లో పెట్టుకుంది. రెండోది, నేను లేచి వచ్చిన ఖాళీ చోట పెట్టింది.